ఫిల్ము లేనిదే సంతకం పెట్టని డాక్టరమ్మ

గురువారం ఉదయం ఏడూ ఇరవైకి మస్తాన్ ఫోన్ చేశాడు. ప్రొద్దుటూరులో ల్యాబు డాక్టరమ్మ దగ్గర ఇరవై ఆరేళ్లుగా టెక్నీషియన్‌గా పనిచేస్తున్న మనిషి. "అన్నా, అమ్మ పోయింది" అన్నాడు. డాక్టరమ్మను అతను అమ్మ అనే పిలుస్తాడు. విలేకరి అలవాటు కొద్దీ ఎప్పుడు, ఎక్కడ, ఎలా అని అడిగాను. తెల్లవారుజామున, పులివెందులలో ఆమె తమ్ముడి ఇంట్లో, నిద్రలో. రెండేళ్లుగా గుండె జబ్బు ఉంది. వయసు డెబ్బై మూడు. వివరాలన్నీ రాసుకున్నాను.

మరుసటి రోజు మా పేపర్లో నాలుగు లైన్లు వచ్చాయి. రాసింది నేనే. డెస్కు వాళ్లు 'ప్రముఖ పాథాలజిస్టు కన్నుమూత' అని శీర్షిక పెట్టారు. ప్రముఖ అన్న మాట చూస్తే ఆమె నవ్వేది. ప్రొద్దుటూరు బజారులో ఆమెను ముఖం చూసి గుర్తుపట్టేవాళ్లు తక్కువ. రోగికి తెలిసేది ఆపరేషన్ చేసిన డాక్టరు. ఒంట్లోంచి తీసిన ముక్క ఎక్కడికి పోతుందో, అదేమిటో తేల్చేది ఎవరో చాలామందికి తెలియదు. ఆ తేల్చే పని ఈమెది. ముక్కను మైనంలో పొదిగి, ఉల్లిపొర కన్నా పలుచగా కోసి, రంగు వేసి, గాజు స్లైడు మీద పెట్టి మైక్రోస్కోపులో చూసేది. చూసి ఒక పేరు రాసేది. ఆ పేరును బట్టే మిగతా వైద్యమంతా నడుస్తుంది.

అన్ని రకాల ముక్కలూ చూసేది గానీ, ఎముకల్లో పుట్టే గడ్డలు, కండలోనూ కొవ్వులోనూ పుట్టే గడ్డలు ఆమె ప్రత్యేకం. పెద్ద ఊళ్ల డాక్టర్లు కూడా ఫోన్ చేసి అడిగేవాళ్లు. నాలుగు లైన్లలో పట్టని సంగతి ఇక్కడ రాస్తున్నాను.

ఆమెను నేను మొదటిసారి కలిసింది ఆమెకు వ్యతిరేకంగా వార్త రాయడానికి.

ఎనిమిదేళ్ల కిందటి మాట. ఒక గురువారం రాజుపాలెం మండలం నుంచి ఒక తల్లి మా ఆఫీసుకు వచ్చింది. ఆమె కొడుకు ఓబులేసుకు పంతొమ్మిదేళ్లు. జమ్మలమడుగు దగ్గర కడప బండలు కోసే ఫ్యాక్టరీలో లోడింగు పని. ఎడమ తొడలో గడ్డ లేచింది. పెద్ద ఊరి ఆసుపత్రికి తీసుకుపోతే ముక్క తీసి పరీక్ష చేశారు. ఎముక క్యాన్సర్ లాగా కనిపిస్తోందని, కాలు తీయాల్సి రావచ్చని, వచ్చే సోమవారం చేరమని చెప్పారు. ఎవరో సలహా ఇస్తే ఆ స్లైడ్లు తెచ్చి ప్రొద్దుటూరు డాక్టరమ్మకు ఇచ్చారు, ఇంకోసారి చూడమని. ఆమె చూసింది. రిపోర్టు మాత్రం ఇవ్వలేదు.

"పది దినాలాయ నాయనా" అంది తల్లి. "ఎక్స్‌రే ఫిల్ము తెస్తే గానీ సంతకం పెట్టదంట. పిలగాన్ని కూడా పిల్సకరమ్మంటాది. ముక్క ఆమె చేతిలో ఉండాది, చూసే మిసను ఆమె ముందర ఉండాది. ఇంకా ఫిల్ము ఏటికి? వాడు లేసి నిలబడలేకుండాడు. గడ్డ సూస్తే రాయి మాదిరి అయితాండాది. నువ్వు రాయి నాయనా, పేపర్లో పడితే అన్నా ఇస్తాది."

రాసుకున్నాను. మాటల్లో ఇంకో సంగతి కూడా చెప్పింది. రెండు నెలల కిందట లారీకి ఎత్తుతుంటే బండ జారి ఓబులేసు తొడ మీద పడింది. వాపు వస్తే నాటు కట్టు కట్టే పెద్దాయన దగ్గరికి తీసుకుపోయారు. ఆయన ఇరవై రోజులు రెండు పూటలా వేడి నూనెతో గట్టిగా రుద్ది కట్టు వేశాడు. "ఆ మాట మాత్రం రాయగాకు. డాక్టర్లకు గూడా చెప్పలేదు మేము. కట్టు అంటే కొట్టినంత పని చేస్తారు. దెబ్బ తగిల్నాదా అంటే లేదన్యాం" అంది. మా పక్క ఇది మామూలే. చెయ్యి విరిగితే ముందు కట్టు, అది కుదరకపోతే ఆసుపత్రి. ఆసుపత్రికి పోయినాక కట్టు ఊసెత్తరు. ఆ సంగతి నోటుబుక్కులో ఒక పక్కన గీసుకుని వదిలేశాను. నా వార్త ఆలస్యం గురించి. కట్టు గురించి కాదు.

శనివారం మధ్యాహ్నం ల్యాబుకు వెళ్లాను. బంగారు అంగళ్ల సందులో మేడ మీద రెండు గదులు. తూర్పు కిటికీకి అడ్డంగా ప్లాస్టిక్ తాడు, దానికి బట్టల క్లిప్పులు, క్లిప్పులకు వేలాడుతూ ఎవరెవరివో ఎక్స్‌రే ఫిల్ములు. ఆమె మైక్రోస్కోపు మీద నుంచి తల ఎత్తలేదు.

"ఎవురప్పా?"

చెప్పాను.

"పేపరోళ్లకు ఏం గడ్డ లేసింది?"

ఓబులేసు రిపోర్టు పది రోజులుగా ఎందుకు ఆపారని అడిగాను. అప్పుడు తల ఎత్తింది. కోపం లేదు. పక్క స్టూలు చూపించి, మైక్రోస్కోపు నా వైపు తిప్పింది.

"చూడు. ఏం కనపడతాండాది?"

ఊదా రంగు చుక్కలు, గులాబీ రంగు దారాలు, తిరునాళ్లలో జనం మాదిరి కిక్కిరిసి ఉన్నాయి. అదే చెప్పాను.

"ఆ జనం కొట్లాడుకుంటాండారా, పని చేసుకుంటాండారా? ఈ ముక్క ఒక్కటీ చూసి చెప్పలేము. కండలో కొత్త ఎముక పుడతాండాది, అంతవరకు నిజం. క్యాన్సర్ అయినా ఇట్లనే ఉంటాది. దెబ్బ తగిల్న కండ మానేదానికి తంటాలు పడతాన్నా నడిమధ్యలో ఇట్లనే ఉంటాది. రెండిటికీ ముఖం ఒకటే. ఫిల్ము చూస్తే తెలుస్తాది. వాళ్లు ఫిల్ము తేలేదు, కాగితం తెచ్చినారు. కాగితంలో దెబ్బ తగల్లేదని ఉండాది. దెబ్బ తగలకుండా పంతొమ్మిదేండ్లోనికి ఇట్ల పుడితే నేను భయపడాల్సిందే."

"దెబ్బ తగిలింది కదమ్మా" అన్నాను.

ఆమె లేచి నిలబడింది. "ఏమంటివి? మల్లా చెప్పు."

తల్లి రాయొద్దంది. ఆ మాట నాకు గుర్తుంది. నోటుబుక్కు తెరిచి చదివి వినిపించాను. బండ పడటం, వాపు, ఇరవై రోజుల నూనె, కట్టు. ఆమె ఒక్కో మాటా రాసుకుంది. రుద్దింది తొడ ముందు వైపా, పక్కనా అని అడిగింది. ముందు వైపు.

"ఇది నీ పుస్తకంలో ఎన్ని దినాల నుంచి ఉండాది?"

"రెండు రోజుల నుంచి."

"నేను పది దినాలుగా అడుగుతాండేది ఇదేనప్పా. నువ్వు పక్కన గీసి పెట్టుకున్నావు."

ముప్పై ఏళ్లుగా వార్తలు రాస్తున్నాను. నన్ను తప్పు పట్టినవాళ్లు చాలామంది ఉన్నారు. ఇంత తక్కువ మాటల్లో, ఇంత సరిగ్గా పట్టినవాళ్లు లేరు.

ఆ సాయంత్రమే ఓబులేసు ఊరికి వెళ్లాను. మొదట జమ్మలమడుగులో తీసిన ఎక్స్‌రే ఫిల్ము మంచం మీద పరుపు కింద ఉంది, మడత పడకుండా దాచారు. తెస్తే దెబ్బ సంగతి బయటపడుతుందని తేలేదు. గుట్టు బయటపెట్టానని తల్లి నన్ను తిట్టింది. "నమ్మి చెప్తే ఇంత పని చేస్తివి" అంది. తిట్లు పడ్డాను, ఫిల్ము తీసుకున్నాను, ఇద్దరినీ ఆటోలో ఎక్కించాను. ప్రొద్దుటూరులో ఇంకో ఎక్స్‌రే తీయించి, ఆదివారం ఉదయం ఎనిమిదింటికి ల్యాబు మెట్లెక్కించాం. ఓబులేసు ఒక్కో మెట్టు మీద కూర్చుని, చేతులతో కాలు ఎత్తి పెట్టుకుంటూ ఎక్కాడు.

ఆమె వాడిని కిటికీ పక్కన కూర్చోబెట్టింది. "ఏమబ్బీ, దెబ్బ తగిల్నాదా?"

వాడు తల్లి వైపు చూశాడు.

"ఆయమ్మను సూడగాకు. కాలు ఆమెది కాదు, నీది."

"బండ పడినాది మేడం."

"ఏటికి దాచినావు?"

"తిడతారని."

"తిడతా. శానా తిడతా. తిట్లకు కాలు పోదురా. దాస్తే పోతాది."

తర్వాత రెండు ఫిల్ములూ పక్కపక్కన తాడుకు తగిలించింది. ట్యూబులైటు వెలుగులో ఫిల్ము చూడటం ఆమెకు ఇష్టం లేదు. పొద్దున ఎండ చాలు అనేది. పాత దాంట్లో తొడ ఎముక పక్కన పత్తి పింజ లాంటి పలుచని మసక. కొత్త దాంట్లో ఆ మసక చుట్టూ తెల్లటి అంచు ఏర్పడింది. మధ్యలో ఖాళీగా ఉంది. ఆ గడ్డకూ తొడ ఎముకకూ నడుమ సన్నటి నల్లటి సందు.

"ఏమ్మా, మామిడికాయకు గట్టిది యాడుంటాది?" అని తల్లిని అడిగింది.

"లోపల. టెంక."

"కోడిగుడ్డుకు?"

"పైన."

"కండలో పుట్టిన చెడ్డ ఎముక గడ్డ మామిడికాయ. నడిమధ్య గట్టిగా, అంచులు మెత్తగా ఉంటాది. అంచుల్లోనే పెరుగుతా పోతాది. దెబ్బకు పుట్టింది గుడ్డు మాదిరి. అంచు ముందు గట్టిపడతాది, లోపల ఆలస్యం. నీ కొడుకుది చూడు, పెంకు వచ్చినాది. వాళ్లు ముక్క తీసింది లోపలి సొనలోంచి. సొనను చూసి ఎవురైనా భయపడతారు. వాళ్ల తప్పు కాదు. దెబ్బ సంగతి మీరు చెప్పలేదు."

"అయితే క్యాన్సర్ కాదా తల్లీ?"

"కాదనుకుంటాండా. అనుకునేది సంతకం కాదు. నాలుగు వారాలు ఆగి మల్లా ఫిల్ము తీయాల. అంతవరకు ఈ కాలును ఎవురూ ముట్టగూడదు. నూనె లేదు, కట్టు లేదు, పిసికేది లేదు."

అక్కడే నిలబడి పెద్ద ఊరి డాక్టరుకు ఫోన్ చేసింది. ఆయన ఓపికగా విన్నాడు. దెబ్బ సంగతి తనకూ తెలియదన్నాడు. సోమవారం రానివ్వండి, స్కాన్ తీసి చూస్తాను, ఆపరేషన్ మాట తర్వాత అన్నాడు. ఆ స్కాన్‌లోనూ చుట్టూ పెంకే కనిపించింది. ఆగడానికి ఆయనా ఒప్పుకున్నాడు.

ఆ ఆదివారం వాళ్లు మెట్లు దిగాక నేనొక ప్రశ్న అడిగాను. "నాలుగు వారాల తర్వాత అది క్యాన్సరే అని తేలితే?"

"తేలితే, వాని నాలుగు వారాలు పోగొట్టినదాన్ని నేనే. అందుకే ఆగమని నా పేరుతో కాగితం రాసిచ్చినా. మాటతో చెప్పి పంపలేదు." మళ్లీ తనే అంది: "భయం లేదప్పా. వయసు చూసినా, చోటు చూసినా, ఫిల్ము చూసినా, దెబ్బ తెలిసినాది, స్లైడు చూసినా. అయిదూ ఒకే మాట చెప్తాండాయి. నాలుగు ఒకటి చెప్పి ఒకటి ఇంకోటి చెప్పింటే నేను నిద్రపోను."

నాలుగు వారాలకు పెంకు పూర్తిగా కట్టింది. నొప్పి తగ్గింది. గడ్డ చిన్నదైంది. అప్పుడు సంతకం పెట్టింది. ఆలస్యంపై నేను రాసి పెట్టుకున్న వార్త ఇప్పటికీ నా దగ్గర ఉంది. అచ్చుకు పంపలేదు.

తర్వాత ఆమె చేసిన పని మా విలేకరుల్లో ఎవరమూ ఊహించలేం. ఆ కట్టు కట్టే పెద్దాయనను కబురు పెట్టి పిలిపించింది. కేసు పెడుతుందేమోనని ఆయన మనవణ్ని వెంటబెట్టుకుని వచ్చాడు. "మా తాత కాలం నుంచి కడతాండాం తల్లీ" అని ముందే మొదలుపెట్టాడు.

"కట్టు. చెయ్యి విరిగితే కట్టు. నేనొద్దంటే జనం మానుతారా? కండ వాపును మాత్రం రుద్దగాకు" అని, ఓబులేసు ఫిల్ములు రెండూ చూపించింది. మామిడికాయ, గుడ్డు చెప్పింది. "ఇంకోటి. దెబ్బ తగిల్నాదని వస్తారు, వాపు తగ్గదు, రేత్రిళ్లు నొప్పికి నిద్ర ఉండదు, చిన్న వయసు. అట్లాంటిది నీ చెయ్యి పడకముందే నా దగ్గరికి పంపు. దెబ్బ నిజమే అయ్యుండొచ్చు, జబ్బు ముందు నుంచే ఉండొచ్చు."

ఏడాది తిరక్కుండా ఆయన పంపాడు. వేంపల్లె నుంచి పద్నాలుగేళ్ల అమ్మాయి. స్కూల్లో పడిందని, మోకాలి పైన వాపని కట్టు కోసం వచ్చారు. ఆయన ముట్టుకోలేదు. "ఇది నా చేతి పని కాదు, ప్రొద్దుటూరు పోండి" అన్నాడట. డాక్టరమ్మ ఆ ఫిల్ము కిటికీకి తగిలించి చూసింది. అమ్మాయి తండ్రి, "గుడ్డేనా తల్లీ?" అని అడిగాడు. కట్టు పెద్దాయన చెప్పి పంపినట్లున్నాడు.

"కాదు నాయనా" అంది. "గుడ్డయితే ఇంటికి పంపేదాన్ని. ఈ పొద్దే బస్సెక్కు."

ఎక్కడికి పోవాలో, ఎవరిని కలవాలో రాసిచ్చింది. ఫోన్ చేసి చెప్పింది. క్యాన్సర్ తొందరగా పట్టుబడింది కాబట్టి ముందు మందులు, తర్వాత ఆపరేషన్. పాడైన ఎముక తీసి లోహపు ఎముక వేశారు. ఆ అమ్మాయి కొంచెం కుంటుతుంది. వైద్యానికి రెండేళ్లు చదువు ఆగినా, ఇప్పుడు డిగ్రీ రెండో ఏడు చదువుతోంది.

ఆ తర్వాత నెలకోసారైనా ల్యాబుకు వెళ్లేవాణ్ని. వార్తల కోసం కాదు. ఆమె పని చూడటం నాకు నచ్చేది. గడ్డలకు పేర్లు పెట్టే పెద్ద పుస్తకం ఒకటి బల్ల మీద ఉండేది. కొత్త ముద్రణ వచ్చినప్పుడల్లా కొన్ని పాత పేర్లు పోయి కొత్తవి చేరేవి. "పేరు మారితే మారనీ. మొదట ఇంటిపేరు కనుక్కోవాల. ఎముక చేసేదా, మెత్తెముక చేసేదా, కొవ్వుదా, నరానిదా. తర్వాత గుణం" అనేది. గుణంలో మూడు రకాలు చెప్పేది. ఒకటి సాధువు, ఉన్న చోటే ఉంటుంది. ఒకటి దొంగ, రక్తంలో పడి ఊపిరితిత్తులకు పోతుంది. మూడోది నడిమి రకం. "ఇది తగాదాకోరప్పా. ఉన్న ఇల్లంతా పీకుతాది. తీసేస్తే మల్లా అదే ఇంటికొస్తాది. ఊరు దాటేది మాత్రం శానా తక్కువ. మన పక్కోళ్లకు ఈ రకం అర్థమైనంత బాగా ఇంకెవరికీ కాదులే" అని నవ్వేది.

ఆమె బల్ల గాజు కింద ఒక స్లైడు ఎప్పుడూ ఉండేది. అడిగితే దాచకుండా చెప్పింది. చాలా ఏళ్ల కిందట పులివెందుల వైపు రైతు ఒకాయన తొడ వెనక గడ్డ. చిన్న ముక్క పంపారు. మామూలు కొవ్వు గడ్డ అని సంతకం పెట్టింది. గడ్డ ఎంత పెద్దది, ఎంత లోతున ఉంది, పెరుగుతోందా అని అడగలేదు. రెండేళ్లకు ఆయన మళ్లీ వచ్చాడు. అది మామూలు కొవ్వు గడ్డ కాదు, క్యాన్సర్. "ముక్కలో ఉన్నది కొవ్వే. స్లైడు అబద్ధం చెప్పలేదు. నేను అడగంది అది చెప్పదు గదా" అంది. అప్పటి నుంచి వేలితో కదిలే మెత్తటి చిన్న గడ్డ వేరు, కండ లోతున పిడికిలి కన్నా పెద్దగా పెరిగే గడ్డ వేరు అని ప్రతి సర్జన్‌కూ చెప్పేది. ఫిల్ము లేనిదే, రోగిని చూడనిదే సంతకం పెట్టకపోవడమూ అప్పటి నుంచే. ఆ పట్టుదలను జనం పొగరు అన్నారు. నేనూ అలాగే అనుకుని మెట్లెక్కాను.

నా మీద ఆమె వేసిన మాట ఒకటి ఇప్పటికీ వార్త పంపే ముందు గుర్తొస్తుంది. "పేరు పెట్టేది సులభమప్పా. మోసేది వాళ్లు."

శుక్రవారం పులివెందులలో అంత్యక్రియలు. వాళ్ల చీనీ తోటలోనే, బత్తాయి చెట్ల నీడన, తల్లిదండ్రుల సమాధుల పక్కన. నేను వెళ్లేసరికి మస్తాన్ వాకిట్లో కుర్చీలు సర్దుతున్నాడు. కట్టు పెద్దాయన గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. చూపు తగ్గింది. నా గొంతు విని గుర్తుపట్టాడు. వేంపల్లె అమ్మాయి తండ్రితో వచ్చింది.

ఓబులేసు చివర్లో వచ్చాడు. ఇప్పుడు వాడికి ఇరవై ఏడేళ్లు. బండల లారీ నడుపుతాడు. లారీ రోడ్డు మీద ఆపి, తోట దారిలో నడిచి వచ్చాడు. వెంట తల్లి. నన్ను చూసి, "ఆ పొద్దు నిన్ను శానా తిట్టినా నాయనా" అంది. ఆ తిట్లు బాగా పనికొచ్చాయన్నాను.

పాడె ఎత్తాక ఆమె తమ్ముడి కొడుకులు, బంధువులు మోస్తున్నారు. తోట గట్టు దగ్గర భుజం మార్చుకోవడానికి ఆగారు. ఓబులేసు ముందుకు వెళ్లి డాక్టరమ్మ తమ్ముణ్ని అడిగాడు. "మామా, గుంత దాకా నాకియ్యండి."

ఆయన వాడిని ఎరగడు. మస్తాన్ వైపు చూశాడు. మస్తాన్ తల ఊపాడు.

వాడు వంగి, పాడె కొమ్మును ఎడమ భుజానికెత్తుకున్నాడు. కిందటి రోజు నీళ్లు పెట్టినట్లున్నారు, గట్టు మెత్తగా ఉంది. నేను వెనకనే నడిచాను. ముఖాలు చూడలేదు. తడి మట్టిలో వాడి ఎడమ పాదం మడమ నుంచి వేళ్ల దాకా నిండుగా దిగింది. తర్వాత కుడి పాదం. మళ్లీ ఎడమ. రెండు గుర్తులూ ఒకే లోతున, చీనీ చెట్ల నడుమ గుంత దాకా.